చీమలు పట్టిన ఉయ్యాల

జూన్ ఆఖర్లో కార్పొరేషన్ ఆటో
నా షెడ్డు ముందర రెండు ఉయ్యాలలు దించిపోయింది.
గొలుసులు ఒక కుప్ప, పలకలు ఒకదాని మీదొకటి.
గిరింపేట పార్కువి. నాలుగేళ్ళ కింద నేను చేసినవే.
అతుకు చూస్తే చాలు,
ఎవురి చేతిరాత వాళ్ళకు తెలియదా.

మధ్యాన్నానికి గొలుసుల నిండా చీమలు.

ఇనుముకు తుప్పు పడతాది,
కాకి రెట్ట పడతాది, పెండ్లి పందిరి వాడి సున్నం పడతాది.
ముప్పై ఏళ్ళలో
చీమ పట్టిన ఇనుము నేను చూడలా.

కళ్ళద్దాలు పంచె కొసతో తుడుచుకొని కూర్చున్నా.
బిడ్డలు పట్టుకునే చోటు నాకు తెలుసు,
పలక నుంచి జానెడున్నర పైన.
అక్కడ పచ్చరంగు వేసింది వేసినట్టే ఉండాది.
దానికి ఇంకో జానెడు పైన
రంగంతా పోయి ఇనుము అద్దం మాదిరి మెరస్తా ఉండాది.
పలక నడుమ కుంగింది.
యాభై, అరవై కిలోలు. ఊరికే కూర్చున్న బరువు కాదు,
ఊగిన బరువు.
ఒకదానికి ఎడం గొలుసు సాగింది, ఇంకోదానికి కుడిది.
అంటే ఇద్దరు.
పక్కపక్కన ఊగుతా, ఒకరి మీదికొకరు ఒరిగి
ఏందో మాట్లాడుకున్నారు, చానా దినాలు.

లంకె సందులో గోరు పెట్టి గీకి వాసన చూసినా.
తోతాపురి.

వాచ్‌మన్ చెంగల్రాయుడు చెప్పనే చెప్పినాడు:
"రాత్రి రెండు దాటితే కిర్రు కిర్రుమంటాదన్నా.
గాలి ఉండదు, ఆకు కదలదు.
నేనైతే దుప్పటి తియ్యను."

ఆ రాత్రి స్కూటరు మూసిన టీ అంగడి ఎనకాల పెట్టి నిలబడినా.
దోమలు.
రెండూ ఇరవైకి గుడిపాల పక్క నుంచి వ్యాను వచ్చింది,
గుజ్జు ఫ్యాక్టరీది.
ఇద్దరు ఆడోళ్ళు దిగినారు, తలకు టోపీలు ఇంకా తియ్యలా.
కమ్మీ విరిగిన చోట చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని
అలవాటైన కాళ్ళతో లోపలికి దూరినారు.

దూలం ఉండాది. కింద ఏమీ లేదు.

కొంచేపు చూసినారు.
"ఏం మే సెల్వీ, మన బండి షెడ్డుకు పోయినట్టుండాది"
అని పెద్దామె నవ్వింది.
పొమ్మంటారేమో అనుకున్నా.
పోలా.
ఉయ్యాల ఉండాల్సిన చోట,
బిడ్డల కాళ్ళు తవ్విన ఆ గుంటల్లోనే
చెరొకదాంట్లో కూర్చున్నారు.
"ఇంటికి పోతే మళ్ళా పొయ్యి కాడికే కదా రెడ్డెక్కా"
అనింది చిన్నది, కూర్చునే ముందుకూ ఎనక్కూ ఊగుతా.

సొన తిన్న చేతులు. చీకట్లో కూడా
తెల్లగా కనబడినాయి.

పొద్దున్నే ఏఈ సారు ఫోను:
"పలకలు సన్నం చేసెయ్. పెద్దోళ్ళకు పట్టకూడదు.
పన్నెండేళ్ళు దాటితే ఊగకూడదని బోర్డు కూడా రాయి."
సరే సార్ అన్నా.

కొంగారెడ్డిపల్లి మేడల మీద
నేను చేసిన ఉయ్యాలలు డెబ్బైకి తక్కువుండవు.
ఇత్తడి బుడిపెలు, దిండ్లు, కప్పు పెట్టుకునే చెక్క.
నిండా ఇండ్లల్లో వాటి మీద బట్టలు ఆరేస్తారు.
మా ఇంటి ముందర జాగా స్కూటరుకే సరి.
బిగించినాక బరువు చూడను నేను ఊగేది రెండు ఊపులు,
మూడోది ఊగితే కూలి పోయినట్టే నాకు.

పలకలు రెండంగుళాలు వెడల్పు చేసినా.
లంకెలు పది ఎమ్మెమ్ తీసేసి పన్నెండు ఏసినా.
బిల్లులో "మరమ్మత్తు" అని ఒక్క మాట రాసినా.
బోర్డు రాసినా, అబద్ధమాడను,
అయితే పన్నెండు పక్కన సున్నా ఒకటి
బ్రష్షు జారి పడింది.
సారు ఇంకా చూడలా.

బేరింగులకు మాత్రం గ్రీజు దండిగా పెట్టినా,
వేలు మునిగేంత.

తరవాత వారం టీ అంగట్లో చెంగల్రాయుడు:
"అన్నా, దయ్యం పోయింది! రాత్రంతా సద్దే లేదు.
ఏందో, ఉయ్యాల కింద చీమలు మాత్రం
పుట్ట పెట్టినాయి."

టీ చల్లారిపోతాది తాగు, అన్నా.